ఎవరు ముందు చెప్పాలి? పేటెంట్ దావాల్లో స్థానిక న్యాయస్థాన నిబంధనల చరిత్ర

ఉపోద్ఘాతం

పేటెంట్ల చరిత్రను రాసినవారు సాధారణంగా చట్టసభలు చేసిన శాసనాలను, ఉన్నత న్యాయస్థానాలు ఇచ్చిన తీర్పులను ఆధారంగా తీసుకొన్నారు. ఈ రెండింటికీ మధ్య మూడో ఆధారం ఒకటి ఉంది. దావా పడిన తరువాత ఎవరు ఏ పత్రాన్ని ఎన్ని రోజుల్లో దాఖలు చేయాలి, ఎవరు ముందుగా తమ వాదనను బయటపెట్టాలి, ఒకసారి చెప్పిన మాటను ఎంతవరకు మార్చుకోవచ్చు అనే విషయాలను నిర్ణయించే స్థానిక నిబంధనలు అవి. కోర్టు గుమాస్తాల వ్యవహారంగా కనిపించడం వల్ల కాబోలు, వీటిపై పరిశోధకుల దృష్టి అంతగా పడలేదు.

అమెరికాలో 1982 అక్టోబరు 1న ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు న్యాయస్థానం పని ప్రారంభించింది. అంతకుముందు పేటెంట్ అప్పీళ్లను ప్రాంతీయ అప్పీలు కోర్టులు విచారించేవి. ఒక ప్రాంతంలో చెల్లే పేటెంటు మరొక ప్రాంతంలో నిలవడం కష్టమయ్యేది. దావాదారులు తమకు అనుకూలమైన కోర్టును వెతుక్కొంటూ తిరిగేవారు. ఆ తిరుగుడును ఆపడం కొత్త న్యాయస్థానం ఏర్పాటుకు ముఖ్య కారణాల్లో ఒకటి. అప్పీలు ఎక్కడికి వెళ్లాలో తేలిన తరువాత న్యాయసూత్రాలు దేశమంతటా ఒకటయ్యాయి. అయినా తిరుగుడు ఆగలేదు. న్యాయసూత్రం ఒకటైనప్పుడు కోర్టుకూ కోర్టుకూ మధ్య మిగిలే తేడా కాలపట్టికలో ఉంటుంది. 2000 తరువాతి స్థానిక పేటెంట్ నిబంధనల చరిత్రను ఈ తేడా చరిత్రగానే చదవాలి. ఆ నిబంధనల నమూనా 2022లో ఢిల్లీ హైకోర్టుకు చేరింది. హైదరాబాదు ఔషధ సంస్థలు ప్రతివాదులుగా నిలబడే కోర్టుల్లో న్యూజెర్సీ, ఢిల్లీ రెండూ ఉండటం వల్ల ఈ చరిత్రకు తెలుగు ప్రాంతంతో నేరుగా సంబంధం ఉంది.

నమూనా అర్జీ చెప్పనిది

వాది తన హక్కును ఎలా ఉల్లంఘించారో ముందే రాతపూర్వకంగా చెప్పాలన్న నియమం కొత్తది కాదు. ఇంగ్లాండులో 1835 నాటి బ్రూమ్ ప్రభువు చట్టం ప్రతివాది తన ఆక్షేపణలను ముందుగా తెలియజేయాలని విధించింది. 1852 నాటి పేటెంట్ చట్ట సవరణ శాసనం వాది మీద కూడా అదే భారం మోపింది. ఉల్లంఘనల వివరాలను అర్జీతో పాటే ఇవ్వాలన్నది. అంటే విక్టోరియా కాలపు ఆంగ్ల న్యాయవాదికి నేటి స్థానిక పేటెంట్ నిబంధనలు పెద్దగా ఆశ్చర్యం కలిగించవు.

అమెరికా వేరే దారి పట్టింది. 1938లో అమలులోకి వచ్చిన ఫెడరల్ సివిల్ ప్రక్రియా నిబంధనలు అర్జీలో సంక్షిప్త సూచన ఉంటే చాలన్నాయి. వివరాలు తరువాత పత్రాల వెల్లడిలో తేలుతాయన్నది వాటి వెనుక ఉన్న నమ్మకం. ఆ నిబంధనలకు అనుబంధంగా ఇచ్చిన నమూనా అర్జీల్లో పేటెంట్ ఉల్లంఘనకు సంబంధించినది ఒకటి ఉండేది. దానిలో ఉదాహరణ విద్యుత్ మోటారు. పేటెంటు తమదని, ప్రతివాది ఆ ఆవిష్కరణ ఇమిడిన మోటార్లను తయారుచేసి అమ్ముతున్నాడని, నష్టపరిహారమూ నిషేధాజ్ఞా కావాలని చెబితే అర్జీ పూర్తయినట్లే. మోటారులోని ఏ భాగం పేటెంటులోని ఏ మాటకు సరిపోతుందో చెప్పనక్కర లేదు. ఈ నమూనా 2015 డిసెంబరు 1 వరకు చెల్లుబాటులో ఉంది.

ప్రతివాది వైపూ ఇంతే. 1952 నాటి అమెరికా పేటెంట్ చట్టం 282వ సెక్షన్ ప్రకారం, పేటెంటు చెల్లదని చూపడానికి వాడుకోదలచిన పాత పేటెంట్ల, ప్రచురణల సమాచారాన్ని విచారణకు కనీసం 30 రోజుల ముందు ఎదుటిపక్షానికి ఇస్తే సరిపోతుంది. దావా ఏళ్ల తరబడి సాగినా అసలు ఆయుధాలు చివరి నెలలో బయటపడవచ్చు. ఇరుపక్షాలూ ఎదుటివారు ముందు మాట్లాడాలని ఎదురుచూసే పరిస్థితి ఇలా ఏర్పడింది. క్లెయిముకు, అంటే ఆవిష్కర్త తన హక్కు ఎంతవరకో నిర్వచించుకొనే వాక్యానికి, విశాలమైన అర్థం చెబితే పాత ఆవిష్కరణలు దాని పరిధిలోకి వచ్చి పేటెంటే పడిపోవచ్చు. సంకుచితంగా చెబితే ప్రతివాది వస్తువు పరిధి దాటిపోతుంది. కాబట్టి అర్థాన్ని చివరివరకు తేల్చకుండా ఉంచడం ఇద్దరికీ లాభమే.

డ్రైక్లీనింగ్ దుకాణం కేసు

ఈ నిశ్చలస్థితిని కదిలించినది బట్టలు ఉతికే దుకాణాలకు సంబంధించిన ఒక పేటెంటు. దుకాణానికి వచ్చిన దుస్తులు ఎక్కడున్నాయో, ఏ దశలో ఉన్నాయో కనిపెట్టే వ్యవస్థపై హెర్బర్ట్ మార్క్‌మన్ పేటెంటు పొందాడు. వెస్ట్‌వ్యూ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ తన హక్కును ఉల్లంఘించిందని దావా వేశాడు. వివాదం మొత్తం ‘ఇన్వెంటరీ’ అనే ఒక్క మాట చుట్టూ తిరిగింది. ఆ మాటకు దుస్తులని అర్థమా, లేక రావలసిన సొమ్ము లెక్కలు మాత్రమే అయినా చాలునా? వెస్ట్‌వ్యూ యంత్రం సొమ్ము లెక్కలు చూసేది గాని దుస్తుల జాడ తీయదు. జ్యూరీ మార్క్‌మన్ పక్షాన చెప్పింది. న్యాయమూర్తి ఆ మాట అర్థాన్ని తానే నిర్ణయించి, జ్యూరీ తీర్పును పక్కనపెట్టాడు. 1995 ఏప్రిల్‌లో ఫెడరల్ సర్క్యూట్ పూర్తి ధర్మాసనం, 1996 ఏప్రిల్ 23న అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి చేసినది సరైనదేనన్నాయి. క్లెయిముల అర్థనిర్ణయం జ్యూరీది కాదు, న్యాయమూర్తిది అని స్థిరపడింది. సుప్రీంకోర్టు తీర్పు ఏకగ్రీవం. రాసినది జస్టిస్ సౌటర్.

తీర్పు ఎవరు నిర్ణయించాలో చెప్పింది. ఎప్పుడు నిర్ణయించాలో చెప్పలేదు. దావా మొదట్లోనా, సాక్ష్యం అంతా విన్న తరువాతా, జ్యూరీకి సూచనలిచ్చే వేళా? ఏ పత్రాల ఆధారంగా? ఎన్ని మాటల మీద? ఈ ఖాళీని పూరించే అధికారం జిల్లా కోర్టులకు ముందునుంచీ ఉంది. ఫెడరల్ సివిల్ నిబంధనల్లోని 83వ నిబంధన, కేంద్ర నిబంధనలకు విరుద్ధం కానంతవరకు, ప్రతి జిల్లా కోర్టుకు సొంత నిబంధనలు చేసుకొనే వెసులుబాటు ఇచ్చింది. అమెరికాలో ఫెడరల్ జిల్లా కోర్టులు 94. ఏకరూపత కోసం 1982లో చేసిన ప్రయత్నానికి పక్కనే ఈ 94 తలుపులు తెరిచి ఉన్నాయన్న సంగతిని ఆనాడు ఎవరూ పెద్దగా లెక్కలోకి తీసుకోలేదు.

కాలిఫోర్నియా పట్టిక

సిలికాన్ లోయ దావాలు పడే ఉత్తర కాలిఫోర్నియా జిల్లా కోర్టు 2000 డిసెంబరులో పేటెంట్ దావాలకు ప్రత్యేక స్థానిక నిబంధనలను అమలులోకి తెచ్చింది. తరువాత వచ్చిన దాదాపు అన్ని పట్టికలకూ ఇదే మూలప్రతి. దాని పనితీరు కొంత వివరంగా చూడవలసిందే.

తొలి దావా నిర్వహణ సమావేశం జరిగిన తరువాత వాది తన ఉల్లంఘన వివరపత్రాన్ని ఇవ్వాలి. ఇప్పుడున్న పాఠంలో గడువు 14 రోజులు. ఆ పత్రానికి జతగా ఒక పట్టిక ఉండాలి: క్లెయిములోని ప్రతి అంశం ప్రతివాది వస్తువులో సరిగ్గా ఎక్కడ కనిపిస్తుందో గడి గడికీ చూపాలి. ‘సమాచారమూ విశ్వాసమూ’ అన్న పాత అర్జీ భాష ఇక్కడ చెల్లదు. దావా వేయకముందే వస్తువును కొని, విప్పి, పరీక్షించి ఉండాలి. తరువాత 45 రోజుల్లో ప్రతివాది చెల్లుబాటుపై తన ఆక్షేపణ పత్రాన్ని ఇవ్వాలి. ఏ పాత పేటెంటు, ఏ పాత ప్రచురణ, దానిలోని ఏ భాగం ఏ క్లెయిమును పడగొడుతుందో అదే పద్ధతిలో చూపాలి. చట్టం విచారణకు 30 రోజుల ముందు వరకు ఇచ్చిన వ్యవధిని స్థానిక నిబంధన దావా తొలి నెలల్లోకి లాక్కొచ్చింది. ఆ పైన ఇరుపక్షాలు అర్థం తేలవలసిన మాటల జాబితాలు మార్చుకొంటాయి. ఆక్షేపణ పత్రం అందిన 60 రోజుల్లో ఉమ్మడి ప్రకటన దాఖలు చేస్తాయి. 2008 సవరణతో ఆ ప్రకటనలో ఫలితాన్ని తేల్చగల ముఖ్యమైన మాటలను పదికి మించకుండా గుర్తించాలన్న నియమం వచ్చింది. ఇది అనుభవంతో వచ్చిన సవరణ. అంతకుముందు న్యాయవాదులు పదుల కొద్దీ మాటలను న్యాయమూర్తి ముందు పోసేవారు.

వీటన్నిటికంటే పదునైనది సవరణల మీద ఆంక్ష. ఒకసారి ఇచ్చిన వివరపత్రాన్ని మార్చుకోవాలంటే న్యాయస్థానం అనుమతి కావాలి. అనుమతికి తగిన కారణం చూపాలి. ఈ ఆంక్షను ఓటూ మైక్రో సంస్థ సవాలు చేసింది. మోనోలితిక్ పవర్ సిస్టమ్స్‌పై వేసిన దావాలో ఆ సంస్థకు కొత్త ఉల్లంఘన వాదం తట్టింది. ఆధారం తెలిసిన తరువాత దాదాపు మూడు నెలలు ఆగి సవరణ కోరింది. జిల్లా కోర్టు నిరాకరించింది; ఆ వాదం లేకపోవడంతో దావా విచారణ దాకా వెళ్లకుండానే ముగిసింది. 2006 నవంబరులో ఫెడరల్ సర్క్యూట్ ఈ నిర్ణయాన్ని సమర్థించింది. తగిన కారణం అంటే శ్రద్ధ చూపినట్లు రుజువు చేయడమేనని, స్థానిక పేటెంట్ నిబంధనల చెల్లుబాటును, వ్యాఖ్యానాన్ని తన సొంత న్యాయసూత్రాల ప్రకారమే చూస్తానని అంది. రెండో మాట చరిత్రకారులకు ముఖ్యం. ప్రతి జిల్లా సొంతంగా చేసుకొన్న నిబంధన కూడా ఏకీకృత పేటెంట్ న్యాయంలో భాగమని ఆ న్యాయస్థానం ఒప్పుకొన్నట్లయింది. మొదటి మాట ఫలితం ఇంకా తీవ్రం: ఒక పేటెంట్ హక్కు దాని అర్హతానర్హతలపై కాక క్యాలెండరుపై ఓడిపోవచ్చు. దీనిని అన్యాయమనడం తొందరపాటే. ఎదుటివారు నిర్మించుకొన్న రక్షణ మొత్తాన్ని కొత్త వాదంతో కూల్చడం కూడా అన్యాయమే గదా.

2017 జనవరిలో ఇదే కోర్టు నష్టపరిహారం విషయంలోనూ వివరపత్రాలను తప్పనిసరి చేసింది. ఎంత అడుగుతున్నారో, ఏ లెక్కన అడుగుతున్నారో చివరివరకు దాచే అలవాటును ఇది తగ్గించింది.

మార్షల్ ఊరి దారి

కాలిఫోర్నియా పట్టిక వెలువడిన కొద్ది నెలలకే, 2001లో, తూర్పు టెక్సాస్ జిల్లాలోని మార్షల్ అనే చిన్న ఊరిలో న్యాయమూర్తి టి. జాన్ వార్డ్ దానిని కొద్ది మార్పులతో తన కోర్టులో ప్రవేశపెట్టాడు. ఆయన 1999లో నియమితుడు. అంతకుముందు న్యాయవాదిగా పేటెంట్ విచారణ చూసినవాడు. 2005లో ఆ జిల్లా కోర్టు మొత్తానికీ పేటెంట్ నిబంధనలు వచ్చాయి.

పాఠాలను పక్కపక్కన పెట్టి చూస్తే రెండు జిల్లాల నిబంధనలు చాలా దగ్గరగా ఉంటాయి. అంకెలూ కొన్నిచోట్ల అవే, విభాగాల పేర్లూ అవే. ఫలితాలు మాత్రం వేరు. కాలిఫోర్నియాలో ఆ పట్టిక దావాను ముందుగా జల్లెడ పట్టే సాధనమైంది. బలహీనమైన వాదం వివరపత్రం దగ్గరే బయటపడేది. అర్థనిర్ణయం తరువాత చాలా దావాలు విచారణ అవసరం లేకుండా ముగిసేవి. మార్షల్‌లో అదే పట్టిక విచారణ తేదీకి చేర్చే మెట్లవరుస అయింది. విచారణ తేదీ ముందే ఖరారయ్యేది, వాయిదాలు అరుదు, సాక్ష్యానికి గంటలు లెక్క పెట్టేవారు. ఎదుటిపక్షం అడగకుండానే సంబంధిత పత్రాలన్నీ ఇవ్వాలన్న నియమం ప్రతివాదులకు భారమైంది. విచారణ లేకుండానే తీర్పు కోరాలంటే ముందు లేఖ రాసి అనుమతి పొందాలని అక్కడి కొందరు న్యాయమూర్తులు షరతు పెట్టారు. గడువుల ఒత్తిడి ఇరుపక్షాలపై సమానంగా ఉందని కాగితం మీద కనిపిస్తుంది. నిజానికి పేటెంటు తప్ప మరేదీ తయారుచేయని వాదికి ఇవ్వవలసిన పత్రాలు కొద్ది, వేల మంది ఇంజనీర్లున్న ప్రతివాదికి కుప్పలు. ఒకే గడువు ఇద్దరి మీదా ఒకే బరువు కాదు.

2015 నాటికి దేశంలో దాఖలైన పేటెంట్ దావాల్లో 40 శాతానికి పైగా ఈ ఒక్క జిల్లాలోనే పడ్డాయి. తరచుగా ప్రతివాదిగా నిలబడవలసి వచ్చిన సామ్‌సంగ్ సంస్థ మార్షల్ కోర్టు భవనం ఎదుటి చౌకులో శీతాకాలపు మంచు స్కేటింగ్ మైదానానికి సొమ్మిచ్చింది. జ్యూరీలో కూర్చొనేది ఆ ఊరివారేనన్న సంగతి వేరే చెప్పనక్కర లేదు.

2017 మే 22న టీసీ హార్ట్‌ల్యాండ్ కేసులో సుప్రీంకోర్టు, స్వదేశీ కార్పొరేషన్ నివాసం అది నమోదైన రాష్ట్రం మాత్రమేనని తేల్చి, 1990 నుంచి ఫెడరల్ సర్క్యూట్ అనుమతించిన విశాలమైన అధికారపరిధిని కుదించింది. దావాల ప్రవాహం కార్పొరేషన్లు ఎక్కువగా నమోదయ్యే డెలవేరుకు మళ్లింది. డెలవేరు జిల్లాకు స్థానిక పేటెంట్ నిబంధనలు లేవు; పత్రాల వెల్లడికి ఒక సాధారణ ప్రమాణం, న్యాయమూర్తుల సొంత ఉత్తర్వులు మాత్రమే ఉన్నాయి. మరో పాయ పశ్చిమ టెక్సాస్‌లోని వేకో ఊరికి చేరింది. అక్కడ 2018లో బాధ్యతలు స్వీకరించిన న్యాయమూర్తి అలన్ ఆల్‌బ్రైట్ ఒక్కరే ఉండేవారు. కాబట్టి వేకోలో దావా వేస్తే ఎవరి ముందు పడుతుందో ముందే తెలుసు. ఆయన పెట్టినవి జిల్లా నిబంధనలు కావు. ఒక్క న్యాయమూర్తి స్థాయీ ఉత్తర్వు. 2021లో దేశంలోని పేటెంట్ దావాల్లో సుమారు అయిదో వంతు ఆయన ఎదుటికి వచ్చాయి. ఆ సంవత్సరాంత నివేదికలో అమెరికా ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ పేటెంట్ దావాల పంపిణీ విషయాన్ని ప్రస్తావించారు. 2022 జులైలో పశ్చిమ టెక్సాస్ ప్రధాన న్యాయమూర్తి వేకోలో పడే పేటెంట్ దావాలను 12 మంది న్యాయమూర్తుల మధ్య యాదృచ్ఛికంగా పంచాలని ఆదేశించారు.

ప్రతి జిల్లా ఇలా పోటీకి దిగిందనుకోరాదు. ఉత్తర ఇలినాయ్ జిల్లా 2009 అక్టోబరులో తెచ్చిన నిబంధనల్లో క్లెయిముల అర్థనిర్ణయాన్ని వాస్తవాల వెల్లడి దాదాపు పూర్తయ్యే దశకు జరిపింది. ఏ మాట మీద ఫలితం ఆధారపడి ఉందో వాస్తవాలు తెలియకముందే అర్థం చెప్పడం వృథా శ్రమ అన్నది దాని వెనుక ఉన్న ఆలోచన. కాలిఫోర్నియా క్రమంపై వచ్చిన విమర్శల్లో ఇంతకంటే ఆలోచింపజేసేది లేదు.

న్యూజెర్సీ తలకిందులు చేసిన క్రమం

తెలుగు పాఠకులకు మార్షల్ కంటే న్యూజెర్సీ దగ్గర. 1984లో అంజిరెడ్డి స్థాపించిన డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్ 2001 ఆగస్టులో 40 మిల్లీగ్రాముల ఫ్లుయాక్సెటిన్‌కు అమెరికాలో 180 రోజుల ప్రత్యేక విక్రయ అవకాశం పొందింది. భారతీయ సంస్థకు అది దక్కడం మొదటిసారి. మరో వైపు ఆమ్లోడిపిన్ మేలియేట్ విషయంలో ఫైజర్ ఆ సంస్థపై వేసిన దావాను న్యూజెర్సీ జిల్లా కోర్టు కొట్టివేసింది. 2004 ఫిబ్రవరిలో ఫెడరల్ సర్క్యూట్ ఆ నిర్ణయాన్ని తిరగదోసింది. జనరిక్ మందుల దావాలు ఎక్కువగా పడే కోర్టుల్లో న్యూజెర్సీ, డెలవేరు ముఖ్యమైనవి.

ఈ దావాల స్వభావం వేరు. 1984 నాటి హ్యాచ్–వాక్స్‌మన్ చట్టం ప్రకారం జనరిక్ సంస్థ మందు అమ్మకముందే, అనుమతికి దరఖాస్తు చేసినందుకే దావా ఎదుర్కొంటుంది. పేటెంటు చెల్లదనో, తమ మందు దానిని ఉల్లంఘించదనో భావిస్తే వివరమైన కారణాలతో పేటెంట్ యజమానికి నోటీసు పంపాలి. యజమాని 45 రోజుల్లో దావా వేస్తే మందు అనుమతి సాధారణంగా 30 నెలలు నిలిచిపోతుంది. ఇక్కడ వస్తువును కొని విప్పి చూడటం వాదికి సాధ్యం కాదు, ఎందుకంటే వస్తువు ఇంకా బజారులో లేదు. అది దరఖాస్తు కాగితాల్లోనే ఉంది. ప్రతివాది మాత్రం తన కారణాలను నోటీసులో ఇప్పటికే రాసి ఉంటాడు.

2009 జనవరి 1న అమలులోకి వచ్చిన న్యూజెర్సీ స్థానిక పేటెంట్ నిబంధనలు ఈ తేడాను గుర్తించి, మందుల దావాలకు ప్రత్యేక విభాగం పెట్టాయి. మామూలు దావాలో వాది ముందు చెప్పాలి. మందుల దావాలో ప్రతివాది ముందు చెప్పాలి. తన దరఖాస్తును వాదికి ఇవ్వాలి, చెల్లుబాటుపై ఆక్షేపణలను, ఉల్లంఘన లేదన్న వాదాలను ముందుగా వెల్లడించాలి. వాది జవాబు ఆ తరువాత వస్తుంది. పై చూపుకు ఇది పేటెంట్ యజమానికి ఇచ్చిన సౌకర్యంలా ఉంటుంది. అయితే ముప్పై నెలల గడియారం నడుస్తుండగా తొందర ఎవరికి? ఆలస్యం వల్ల లాభపడేది పాత మందు యజమాని. నష్టపోయేది జనరిక్ సంస్థ, దాని వెనుక రోగి. ముందు మాట్లాడే భారం మోసినా, వాదవిషయాలు త్వరగా గట్టిపడటం జనరిక్ సంస్థకు మేలు చేయగలదు. నిబంధన ఎవరి పక్షం అన్న ప్రశ్నకు పాఠంలో సమాధానం దొరకదు, ఆ దావాలో కాలం ఎవరి పక్షాన నడుస్తుందో చూస్తేనే దొరుకుతుంది.

ఢిల్లీకి చేరిన నమూనా

భారతదేశంలో 1970 పేటెంట్ చట్టం 104వ సెక్షన్ ప్రకారం ఉల్లంఘన దావా జిల్లా కోర్టుకు తక్కువ కాని న్యాయస్థానంలో పడాలి. ప్రతివాది పేటెంటు రద్దు కోరుతూ ప్రతిదావా వేస్తే మొత్తం హైకోర్టుకు బదిలీ అవుతుంది. బొంబాయి, కలకత్తా, మద్రాసు, ఢిల్లీ హైకోర్టుల్లాగా తెలంగాణ హైకోర్టుకు సాధారణ తొలి సివిల్ అధికారపరిధి లేదు. దావా హైదరాబాదులో మొదలైతే ఒక కోర్టులో ప్రారంభమై మరో కోర్టుకు మారే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. ఢిల్లీలో ఆ మార్పు బాధ లేదు. ఢిల్లీ ప్రాబల్యానికి ఈ నిర్మాణభేదం కూడా ఒక కారణం.

కాలహరణం ఎంత దూరం వెళ్లగలదో ఎర్లోటినిబ్ మందు కేసు చెబుతుంది. రోష్ 2008లో సిప్లాపై ఢిల్లీ హైకోర్టులో దావా వేసింది. అదే ఏడాది మార్చిలో మధ్యంతర నిషేధాజ్ఞ నిరాకరణకు గురైంది. మందు ధర, ప్రజాప్రయోజనం ఆ నిర్ణయంలో స్థానం పొందాయి. తుది తీర్పు 2012 సెప్టెంబరులో, ధర్మాసనం తీర్పు 2015 నవంబరులో వచ్చాయి. ధర్మాసనం పేటెంటు చెల్లుతుందని, ఉల్లంఘన జరిగిందని అంది. పేటెంటు గడువు 2016 మార్చిలో ముగుస్తున్నందున నిషేధాజ్ఞ ఇవ్వకుండా లాభాల లెక్క తేల్చమంది. అప్పటికి దావా వయస్సు దాదాపు ఎనిమిదేళ్లు. మేధోసంపత్తి దావాలను రోజువారీగా విచారించి సాధారణంగా నాలుగు నెలల్లో తుది తీర్పు ఇవ్వాలని బజాజ్ ఆటో, టీవీఎస్ సంస్థల కేసులో సుప్రీంకోర్టు 2009లోనే చెప్పింది. చెప్పడానికీ జరగడానికీ మధ్య ఉన్న దూరాన్ని ప్రక్రియ మాత్రమే తగ్గించగలదు.

2021 ఏప్రిల్‌లో మేధోసంపత్తి అప్పీలు బోర్డు రద్దయింది. దాని పని హైకోర్టులకు వచ్చింది. ఢిల్లీ హైకోర్టు 2021 జులైలో మేధోసంపత్తి విభాగాన్ని ఏర్పాటు చేసి, 2022 ఫిబ్రవరి 24న పేటెంట్ దావాల నిబంధనలను ప్రకటించింది. సాంకేతిక పరిచయ పత్రం, క్లెయిముల అర్థనిర్ణయ పత్రం, ఉల్లంఘన పత్రం, చెల్లుబాటు ఆక్షేపణ పత్రం అన్న మాటలు అందులో ఉన్నాయి. క్లెయిములను ప్రతివాది వస్తువుతో పోల్చే పట్టిక అర్జీ దశలోనే ఉండాలి. కాలిఫోర్నియా ఛాయ స్పష్టం. కాని అది నకలు కాదు. పేటెంటు గడువు అయిదేళ్లు లేక అంతకంటే తక్కువ మిగిలి ఉన్నప్పుడు, దాని చెల్లుబాటును ఇదివరకే ఉన్నత న్యాయస్థానం సమర్థించినప్పుడు, ప్రత్యేక దరఖాస్తు లేకుండానే సంక్షిప్త తీర్పు ఇవ్వవచ్చన్న నియమం ఇక్కడి అనుభవం నుంచి పుట్టినదే. ఎర్లోటినిబ్ కేసు తెలిసినవారికి ఆ అయిదేళ్ల అంకె ఎక్కడినుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు.

అయినా అతకని చోటు ఒకటుంది. అమెరికాలో దావా మలుపు తిరిగేది అర్థనిర్ణయపు విచారణ దగ్గర. భారతదేశంలో, ముఖ్యంగా మందుల విషయంలో, మలుపు మధ్యంతర నిషేధాజ్ఞ దగ్గర. కొత్త నిబంధనల్లోని పత్రాల పరంపర దావా సాగే క్రమానికి ఉద్దేశించినది. నిషేధాజ్ఞ విచారణ దానికంటే ముందే వచ్చేస్తుంది. వెన్నెముక కండర క్షీణత వ్యాధికి వాడే రిస్‌డిప్లామ్ మందు విషయంలో రోష్, హైదరాబాదుకు చెందిన నాట్కో ఫార్మాల మధ్య నడిచిన వ్యాజ్యం ఇందుకు ఉదాహరణ. 2025 మార్చి 24న ఏకసభ్య న్యాయమూర్తి నిషేధాజ్ఞ నిరాకరించారు. అక్టోబరు 9న ధర్మాసనం దానిని సమర్థించింది. అక్టోబరు 17న సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. నాట్కో ఆ మందును సీసా 15,900 రూపాయల ధరకు విడుదల చేసింది. రోగుల కుటుంబాలకు సంబంధించినంతవరకు వ్యాజ్యం ఫలితం అక్కడే తేలింది. తుది విచారణలో అర్థనిర్ణయ పత్రాలు ఏమి చెప్పబోతున్నాయన్నది వారికి దూరపు మాట. అందుచేత భారతీయ నిబంధనల్లో అన్నిటికంటే విలువైనది అర్జీతో పాటే పోలిక పట్టిక ఉండాలన్న నియమం. నిషేధాజ్ఞ వేళ న్యాయమూర్తి ముందు ఉండగలిగిన లెక్క అదొక్కటే.

కోర్టు ఎంపిక ప్రశ్న ఇక్కడా తలెత్తింది. మరో చోటి పేటెంట్ కార్యాలయం ఇచ్చిన పేటెంటు రద్దు కోరుతూ డాక్టర్ రెడ్డీస్ ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించగా, 2022 నవంబరు 10న ఆ కోర్టు పేటెంటు ప్రభావం దరఖాస్తుదారు వ్యాపారంపై పడే ప్రాంతపు హైకోర్టుకు కూడా రద్దు అర్జీని వినే అధికారం ఉందని తీర్పు చెప్పింది. కార్యాలయ నిర్ణయాలపై అప్పీలు మాత్రం ఆ కార్యాలయం ఉన్న ప్రాంతపు హైకోర్టుకే వెళ్లాలంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌ల పేటెంట్ దరఖాస్తులు చెన్నై కార్యాలయం పరిధిలోవి. కాబట్టి హైదరాబాదు ఆవిష్కర్త దరఖాస్తు తిరస్కరణకు గురైతే అప్పీలు మద్రాసు హైకోర్టుకు, 2023 ఏప్రిల్‌లో అక్కడ అమలులోకి వచ్చిన మేధోసంపత్తి విభాగ నిబంధనల కిందికి, వెళుతుంది. అదే ఆవిష్కర్త ఇతరుల పేటెంటును రద్దు చేయించాలనుకొంటే ఢిల్లీకి వెళ్లవచ్చు. తన పేటెంటును ఎవరైనా ఉల్లంఘిస్తే సొంత నగరంలోని వాణిజ్య కోర్టులో దావా మొదలుపెట్టి, ప్రతిదావా పడిన రోజున హైకోర్టుకు మారవలసి ఉంటుంది.